తిరుగుబాటు నడుస్తున్న దేశం నుంచి పరాయి సైన్యం వెళ్లిపోవాలా, ఉండాలా?

తార్నాక

పెట్రోలు ధరల మీద మొదలైన చర్చ కాస్తా ఇరాక్ మీదికి మళ్లింది కాబట్టి దీన్ని విడిగా పెడుతున్నా. అక్కడ ఒకాయన అన్నమాట ఇది: "2011లో అమెరికా సైన్యం తొందరపడి వెళ్లిపోవడం వల్లే ఐసిస్ అంత బలిసింది. ఒకసారి దేశాన్ని ఆక్రమించాక తిరుగుబాటు పూర్తిగా అణిగేదాకా సైన్యం కదలకూడదు." నేను ఒప్పుకోను.

2003 మార్చి 20న దాడి మొదలైంది, ఏప్రిల్ 9కల్లా బాగ్దాద్ పడిపోయింది. తిరుగుబాటుకు అసలు దారి వేసింది ఆ తర్వాత మే నెలలో వచ్చిన రెండు కాగితాలు. అమెరికా తరఫున పాలన చూడ్డానికి వచ్చిన పాల్ బ్రెమర్ మే 16న మొదటి ఉత్తర్వు ఇచ్చి సద్దాం నడిపిన బాత్ పార్టీలో పై స్థాయిల్లో ఉన్నవాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేశాడు. సరిగ్గా వారానికి, మే 23న, రెండో ఉత్తర్వుతో సైన్యాన్నే రద్దు చేశాడు. లక్షల మంది. తుపాకీ వాడటం వచ్చు, గిడ్డంగులు ఎక్కడున్నాయో తెలుసు, ఒకటో తారీఖున జీతం మాత్రం రాదు. వీళ్లంతా ఇంటికెళ్లి చెట్లకు నీళ్లు పోసుకుంటారనుకున్నారేమో!

తర్వాతి కథ తెలిసిందే. 2004లో అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు, అదే ఏడాది ఫలూజా మీద రెండుసార్లు దాడి. 2005 నవంబర్లో హదీసాలో 24 మంది సామాన్యులను మెరైన్లు కాల్చి చంపారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ తిరుగుబాటుదార్లకు కొత్త కుర్రాళ్లు దొరికారు. 2006 సెప్టెంబర్లో అక్కడ చేసిన ఒక సర్వేలో పదిమందిలో ఏడుగురు విదేశీ సైన్యం ఏడాదిలోపు వెళ్లిపోవాలన్నారు. ఆరుగురు ఆ సైన్యం మీద దాడులు సరైనవేనన్నారు. కుర్దుల లెక్క వేరు, వాళ్లు ఉండమనే అన్నారు. కానీ దేశంలో సగానికి పైగా జనం నిన్ను కాల్చడం తప్పు కాదంటుంటే నువ్వు అక్కడ ఎవరికి కాపలా కాస్తున్నట్టు?

ఇక 2011 తేదీ. ఒబామా పెట్టాడని అందరూ అంటారు. పెట్టింది 2008 చివర్లో బుష్ ప్రభుత్వమూ ఇరాక్ ప్రభుత్వమూ కలిసి. 2009 జూన్ 30కి నగరాల నుంచి, 2011 డిసెంబర్ 31కి దేశం నుంచి బయటికి పోవాలని రాసుకున్నారు. (బుష్ మీదికి బూట్లు విసిరింది ఆ ఒప్పందం కోసం బాగ్దాద్ వచ్చినప్పుడే. బూట్లు అందరికీ గుర్తున్నాయి, ఒప్పందం ఎవరికీ గుర్తులేదు.)

కాబట్టి నేననేది, వెళ్లాలి. ఎప్పుడు వెళ్తామో ముందే చెప్పి వెళ్లాలి. తేదీ చెప్పని సైన్యం "మీ మంచికే ఉన్నాం" అంటే ఎవరూ నమ్మరు.

మెట్టుగూడ

తేదీ చెప్పి వెళ్లడమంటే అఫ్గానిస్తాన్‌లాగానా సార్? 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో సంతకాలు పెట్టి మరీ చెప్పారు. 2021 ఆగస్టు 15న కాబూల్ ఏమైందో టీవీలో చూశాం. కొంపకు నిప్పు పెట్టినవాడు మంట ఆరేదాకా ఉండి నీళ్లు పోయాలి గానీ, "నాకు టైమైంది" అని పోతే ఎట్లా?

చిక్కడపల్లి

గ్రూప్-1కి చదువుతున్నా, లైబ్రరీ నుంచి రాస్తున్నా, నాకూ ఇది పనికొస్తుంది. రెండు వైపులా ఉదాహరణలున్నాయి. మనదే ఒకటి. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చి మధ్యకల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది. వెళ్లమని అడిగింది బంగ్లా నాయకుడు ముజీబే, ఇందిర ఒప్పుకుంది. మూడు నెలలు. ఇంకో మూడేళ్లు ఉండి ఉంటే అక్కడ మనమీద ఏం పుట్టేదో చెప్పక్కర్లేదు.

రెండోవైపు కంబోడియా. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం రాజధాని నాంపెన్‌లోకి వచ్చి, లక్షల మందిని చంపించిన నియంత పోల్ పాట్‌ను తరిమేసింది. అది ఆక్రమణే, ఐక్యరాజ్యసమితి ఏటా వెళ్లిపొమ్మని తీర్మానాలు చేస్తూనే ఉంది. అతని దళం ఖ్మేర్ రూజ్ వాళ్లు థాయ్ సరిహద్దులో కూర్చుని తిరుగుబాటు నడిపారు. వియత్నాం 1979లోనే వెళ్లిపోయి ఉంటే మళ్లీ ఆ పోల్ పాటే వచ్చేవాడు. పదేళ్లు ఉండి 1989 సెప్టెంబర్లో వెళ్లింది. మరి ఉండటం తప్పా తార్నాక గారూ?

తిరుమలగిరి

నేను ఫౌజీని, రిటైరై చాలా కాలమైంది. మీరంతా ఇరాక్, కాబూల్ అంటున్నారు. మనం చేసిన పని ఎవరికీ గుర్తు లేదా? 1987లో శ్రీలంకకు ముందుగా వెళ్లిన 54వ డివిజన్ ఇక్కడి సికింద్రాబాద్‌దే. నేను అందులోనే ఉన్నా.

జూలై 29న కొలంబోలో రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాడే గౌరవ వందనంలో ఒక శ్రీలంక నేవీ కుర్రాడు రైఫిల్ మడమతో రాజీవ్‌ను కొట్టబోయాడు. అంటే సింహళీయులకు మేం వద్దు. జాఫ్నాలో తమిళులు మాత్రం మొదట్లో దండలు వేశారు, కొబ్బరిబోండాలు ఇచ్చారు. మాకు చెప్పిన పని, తమిళ పులులు (ఎల్టీటీఈ) ఆయుధాలు అప్పజెబుతుంటే తీసుకోవడం, అంతే. నాలుగు తుప్పు తుపాకులు ఇచ్చి ఆపేశారు. అక్టోబర్‌కల్లా వాళ్లతోనే యుద్ధం. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో రాత్రిపూట హెలికాప్టర్లలో దించిన సిక్కు ప్లటూన్ దాదాపు మొత్తం పోయింది. జాఫ్నా ఆసుపత్రిలో మావాళ్ల కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు చచ్చిపోయారు. అదీ జరిగింది, దాచేది లేదు.

ఆ ఊరి సందులు ఎలా ఉంటాయో చెబితేగానీ మీకు అర్థం కాదు. రెండువైపులా తాటాకు దడులు, మనిషి ఎత్తు. దడి అవతల బావి, బావి దగ్గర ఆడవాళ్లు. ఏ దడి వెనక కుర్రాడు వైరు పట్టుకుని కూర్చున్నాడో తెలియదు. కల్వర్టు వస్తే బండి ఆపి దిగి, కట్టెతో మట్టి పొడుచుకుంటూ నడవాలి. మొదట్లో దండ వేసిన దుకాణదారే మూడు నెలల తర్వాత మమ్మల్ని చూసి షట్టర్ దించేవాడు. భయంతోనో కోపంతోనో, మాకు రెండూ ఒకటే.

1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు. మమ్మల్ని పంపించడానికి పులులకే ఆయుధాలు ఇచ్చాడు. 1990 మార్చి 24న చివరి దళం ఓడెక్కింది. 1,100 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుని మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. అది సరే, ఆ బాధ మాది. చర్చకు పనికొచ్చేది వేరే ఉంది. మేం వెళ్లేముందు శ్రీలంక ఈశాన్యంలో ఒక ప్రాంతీయ ప్రభుత్వాన్ని నిలబెట్టి, దానికి తమిళ జాతీయ సైన్యం అని ఒకదాన్ని తయారు చేశాం. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. చాలామందిని ఇళ్లనుంచి లాక్కొచ్చి చేర్చినవాళ్లే. మేం ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే పులులు వెనకే వచ్చి వాళ్లను ఏరి పారేశారు. ఆ ప్రభుత్వం నడిపిన వరదరాజ పెరుమాళ్ ఇండియాకు వచ్చేశాడు. ఆ పిల్లలు ఎక్కడికి వస్తారు?

వెళ్లాలా వద్దా అంటే వెళ్లాల్సిందే, పరాయి ఊళ్లో ఎన్నాళ్లుంటాం. కానీ వెళ్లేవాడికి ఓడ ఉంటుంది. అతని మాట విని తుపాకీ పట్టినవాడికి ఏముంటుంది అని అడగకుండా తేదీ రాసేవాళ్లంటే నాకు కోపం.

ఇంకోటి. 2003లో అమెరికా మనల్నీ ఒక డివిజన్ పంపమంది, ఇరాక్‌కి. 17 వేల మంది దాకా. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపేది లేదంది. ఆ రోజు మా కాలనీలో రిటైరైన వాళ్లమంతా ఊపిరి పీల్చుకున్నాం.

తార్నాక

సార్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఒక్కటే అడుగుతా. ఇంకో రెండేళ్లు ఉంటే ఆ పిల్లలు బతికేవాళ్లా? లేక ఇంకొన్ని వేల మంది అదే సైన్యంలో చేరి, రెండేళ్ల తర్వాత పోయేవాళ్లా?

తిరుమలగిరి

నిజం చెప్పాలంటే రెండోదే జరిగేదేమో. అందుకని మొదటివాళ్ల చావు ఒప్పయిపోదు కదా.

ఎల్ఎల్‌బీ మూడో ఏడు

అన్నలూ, ఇక్కడ ఒకటి కలిసిపోతోంది. ఆక్రమించిన సైన్యానికి చట్టం హక్కులకంటే బాధ్యతలే ఎక్కువ రాసింది. 1907 హేగ్ నిబంధనల్లో 43వ అధికరణం ప్రకారం ఆక్రమించినవాడే శాంతిభద్రతలు, మామూలు జనజీవనం మళ్లీ నిలబెట్టాలి, అదీ వీలైనంతవరకు ఆ దేశపు చట్టాలను గౌరవిస్తూ. 2003 మే 22న భద్రతామండలి 1483వ తీర్మానంలో అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణ శక్తులుగానే గుర్తించింది. బ్రెమర్ సైన్యాన్ని రద్దు చేసింది ఆ మర్నాడే. బాధ్యత నెత్తిన పడిన మొదటి రోజే శాంతిభద్రతలు చూసే చేతుల్ని నరికేశాడన్నమాట.

2004 జూన్ 28న అధికారం ఇరాకీలకు అప్పజెప్పాక కాగితం మీద ఆక్రమణ లేదు. 1546వ తీర్మానం ప్రకారం ఇరాక్ ప్రభుత్వం పొమ్మంటే సైన్యం పోవాలి. కానీ బ్రెమర్ వెళ్తూ వెళ్తూ 17వ ఉత్తర్వును సవరించి కొనసాగించాడు. విదేశీ సైనికులనూ కాంట్రాక్టర్లనూ ఇరాక్ కోర్టులు ముట్టుకోకూడదు. 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ బ్లాక్‌వాటర్ గార్డులు 17 మందిని కాల్చి చంపితే ఇరాక్ పోలీసు ఒక్కడు కూడా వాళ్ల చేతికి బేడీ వేయలేకపోయాడు. కేసు అమెరికా కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచి శిక్షలు పడ్డాయి, చివరికి 2020 డిసెంబర్లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

2011లో కొన్ని వేల మందిని ఉంచుదామని ఒబామా ప్రభుత్వం కూడా మాట్లాడింది. మా సైనికులను మీ కోర్టులు విచారించకూడదని షరతు పెట్టింది. ఇరాక్ నాయకులు ఒప్పుకోలేదు. నిసూర్ చూశాక ఏ ఎంపీ ఒప్పుకుంటాడు, వాడికి మళ్లీ ఓట్లు వద్దా? కాబట్టి "తొందరపడి వెళ్లిపోయారు" అనే మాటే తప్పు. ఉండటానికి తాము పెట్టిన షరతుకు ఇంటివాళ్లు ఒప్పుకోక వెళ్లారు. నా వరకు చట్టం సింపుల్. ఆ దేశపు ప్రభుత్వం పొమ్మంటే పోవాలి.

మెట్టుగూడ

ఏ ప్రభుత్వం తమ్ముడూ? సైన్యం నీడలో గెలిచిన ప్రభుత్వమా? కాబూల్‌లో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ పొమ్మనలేదు. దోహా గదిలోకి ఆయన్ని రానివ్వనే లేదు. ఆయన ప్రభుత్వం సంతకమే లేని ఒప్పందం కోసం ఆయన జైళ్లలో ఉన్న 5 వేల మంది తాలిబన్లను వదిలించారు. చట్టం సింపులట.

టోలీచౌకి

నేను కొన్నేళ్లు ఇక్కడి ఒక పెద్ద ఆసుపత్రిలో అరబిక్ దుబాసీగా చేశాను. అప్పట్లో ఇరాక్ నుంచి రోగులు వరసగా వచ్చేవాళ్లు. గుండె, వెన్నెముక, బాంబు ముక్కలు ఒంట్లోనే ఉండిపోయిన కేసులు. మా టోలీచౌకిలో గెస్ట్‌హౌసులు వాళ్లతోనే నిండేవి. వాళ్ల కోసం సమూన్ రొట్టె కాల్చే బట్టీ కూడా వెలిసింది.

ఒకరోజు ఆర్థోపెడిక్ వార్డు బయట ఇద్దరు అటెండెంట్లు కూర్చున్నారు. ఒకాయన బస్రా నుంచి, షియా. ఇంకొకాయన రమాది నుంచి, సున్నీ. ఇక్కడికొచ్చాకే పరిచయం, ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నారు. ఫోన్లో వార్తల్లో ఏదో వస్తే నేనే అడిగాను, అమెరికావాళ్లు ఎప్పుడు పోవాల్సింది అని. బస్రా ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "సద్దాం విగ్రహం పడిన మర్నాడే" అన్నాడు. రమాది ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వాళ్లు రాకూడదు. వచ్చాక మమ్మల్ని మాలికీ చేతిలో పెట్టి పోకూడదు" అన్నాడు. మాలికీ అంటే అప్పటి ఇరాక్ ప్రధాని, షియా.

ఆయన తమ్ముడు సహ్వాలో చేశాడట. తెలియనివాళ్లకు: అన్బార్‌లో సున్నీ తెగల వాళ్లు అల్‌ఖైదా మీద తిరగబడి అమెరికావాళ్లతో చేతులు కలిపారు, అదే సహ్వా. అది పెరిగి లక్ష మంది దాకా అయ్యారు. మనిషికి నెలకు 300 డాలర్ల దాకా అమెరికావాళ్లే ఇచ్చేవాళ్లు. అందరూ 2007లో బుష్ అదనంగా పంపిన సుమారు 30 వేల మంది సైనికుల గురించే చెబుతారు, బాగ్దాద్ చల్లబడటానికి ఆ 300 డాలర్లు ఎంత పనిచేశాయో చెప్పరు. తర్వాత ఆ జీతాల పట్టీని మాలికీ ప్రభుత్వానికి అప్పజెప్పారు. ఐదో వంతు మందిని సైన్యంలోకి, పోలీసుల్లోకి తీసుకుంటామని, మిగతావాళ్లకు వేరే ఉద్యోగాలిస్తామని మాట. జీతం రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి అయింది. తర్వాత ఆగిపోయింది. తర్వాత ఇంటికి పోలీసులు వచ్చారు, పాత కేసులంటూ. ఐసిస్ వాళ్లు వచ్చినప్పుడు ఆ తమ్ముడు ఏ వైపు ఉన్నాడని నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

2014 జూన్ 10న మోసుల్ నగరం ఐసిస్ చేతిలో పడిపోయింది. ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న సైన్యం యూనిఫాం విప్పేసి పరుగెత్తింది. ఆ నవంబర్లో కొత్త ప్రధాని అబాదీ లెక్క తీయిస్తే నాలుగు డివిజన్లలో 50 వేల మంది పేర్లు మాత్రమే ఉన్నాయి, మనుషులు లేరు. జీతం పై అధికారుల జేబులోకి. ఇది అమెరికావాళ్లు ఉన్నప్పుడు వాళ్ల డబ్బుతో, వాళ్ల శిక్షణతో కట్టిన సైన్యమే. ఇంకో ఐదేళ్లు ఉంటే ఆ పేర్లు 50 వేల నుంచి లక్ష అయ్యేవి తప్ప మనుషులు పుట్టుకొచ్చేవాళ్లు కాదు.

ఆ జూలైలో కేరళ నర్సులను ఎర్బిల్ నుంచి తీసుకొచ్చిన ప్రత్యేక విమానం కొచ్చి తర్వాత మన హైదరాబాద్‌కు కూడా వచ్చింది, మన జిల్లాల పనివాళ్లను దించడానికి. పంజాబ్ వాళ్లు ఎక్కువగా ఉన్న 39 మంది మాత్రం మోసుల్‌లో చిక్కుకుపోయారు. వాళ్లను చంపేశారని 2018 మార్చిలోగానీ చెప్పలేదు. ఎవరు పోవాలి, ఎవరు ఉండాలి అని మనం వాదించుకుంటుంటే మధ్యలో ఇలాంటివాళ్లు కూడా ఉంటారు, ఏ పక్షమూ కానివాళ్లు.

చిక్కడపల్లి

టోలీచౌకి భాయ్, ఈ పోస్టు సేవ్ చేసుకున్నా.

ఉప్పల్

ఎక్కడో ఇరాక్ ఎందుకు? 1948 సెప్టెంబర్లో హైదరాబాద్‌లోకి వచ్చిన సైన్యం మాటేమిటి? నిజాం మీదికి వచ్చి కమ్యూనిస్టుల మీద మూడేళ్లు ఉండలేదా? దాన్నేమంటారు?

నిర్వాహకుడు

ఉప్పల్ గారూ, పోలీసు చర్య తప్పా ఒప్పా అనే చర్చ ఇక్కడ ఎన్నోసార్లు నడిచి తాళం పడింది. తిరుగుబాటు ఎలా ఆగింది అన్నంతవరకే మాట్లాడండి. లేకపోతే తీసేస్తాను.

చిక్కడపల్లి

అన్నంతవరకే చెబుతా, సిలబస్‌లో ఉంది. అది పరాయి సైన్యం కాదు, కాబట్టి ఈ చర్చలోకి నేరుగా రాదు. కానీ సాయుధ పోరాటం 1951 అక్టోబర్లో ఆగింది ఒక్క సైన్యం వల్లే కాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేశారు. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పోరాటం విరమించాక, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నా పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేయనిచ్చారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. నిన్నటిదాకా తుపాకీ పట్టిన పార్టీ ఇవాళ లోక్‌సభలో కూర్చుంది. ఇరాక్‌లో బాత్ వాళ్లకు 2003లో ఆ దారే మూసేశారు.

మెట్టుగూడ

అదే నేనూ అంటున్నా, ఇంకో రకంగా. ఇక్కడ సైన్యం వెళ్లిపోతుందని ఎవరూ అనుకోలేదు. ఇది ఈ దేశమే, ఎక్కడికి పోతుంది? అందుకే రాజీ కుదిరింది. పరాయి సైన్యం తేదీ చెప్పిందంటే తిరుగుబాటుదారు క్యాలెండర్ గోడకు తగిలించి కూర్చుంటాడు. తేదీ చెప్పడమే తప్పు.

తార్నాక

మెట్టుగూడ గారూ, ఈ థ్రెడ్‌లో నాకు ఎదురొచ్చిన గట్టి పాయింటు ఇదే, కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

తేదీ చెప్పినా చెప్పకపోయినా అతను క్యాలెండర్ తగిలించుకునే కూర్చుంటాడు. పరాయి సైన్యం ఏదో ఒకరోజు పోతుందని పసిపిల్లాడికి కూడా తెలుసు. తేదీ తెలియనిది ఎవరికంటే ఆ సైన్యాన్ని నమ్ముకున్నవాళ్లకు. 2021 జూలై మొదట్లో బాగ్రామ్ స్థావరాన్ని అమెరికావాళ్లు రాత్రికి రాత్రి కరెంటు తీసేసి ఖాళీ చేశారు. కొత్తగా వచ్చిన అఫ్గాన్ కమాండర్‌కు కూడా గంటల తర్వాతే తెలిసిందట, ఆయనే విలేకరులకు చెప్పాడు. తాలిబన్లకు క్యాలెండర్ ఉంది. తెలియంది ఆ కమాండర్‌కే.

ఇక కాబూల్ పడిపోవడం. అక్కడే అంతకుముందు ఏం జరిగిందో చూడండి. 1988 ఏప్రిల్లో జెనీవా ఒప్పందాలు. తేదీ చెప్పి మరీ సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న అఫ్గానిస్తాన్ దాటిపోయింది. 14 వేల మందికి పైగా సైనికులను పోగొట్టుకుని. సోవియట్ అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో కూలిపోతుందని అందరూ రాసేశారు. మార్చిలో తిరుగుబాటుదార్లు, అంటే ముజాహిదీన్, జలాలాబాద్ మీద పడ్డారు, గెలవలేకపోయారు. నజీబ్ మూడేళ్లు నిలబడ్డాడు! సోవియట్ పటాలం ఒక్కటి లేకుండా. ఎలా? మాస్కో నుంచి విమానాల్లో గోధుమలు, డీజిల్, క్షిపణులు, డబ్బు వస్తూనే ఉన్నాయి. 1991 చివర్లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, సాయం ఆగింది. 1992లో అతని సేనాని దోస్తం లాంటివాళ్లు ఎదురుతిరిగారు, ఏప్రిల్లో నజీబ్ పడిపోయాడు.

2021లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. అఫ్గాన్ వాయుసేనకు పాత రష్యన్ హెలికాప్టర్లు మాన్పించి అమెరికన్ బ్లాక్‌హాక్‌లు అలవాటు చేశారు. వాటికి రిపేర్లు చేసేది అమెరికా కాంట్రాక్టర్లు. సైన్యంతోపాటు కాంట్రాక్టర్లూ పోయారు. హెలికాప్టర్ ఎగరకపోతే కొండమీద ఔట్‌పోస్టులో ఉన్న జవానుకు అన్నం రాదు, తూటా రాదు, గాయపడితే తీసుకుపోయేవాడు రాడు. అతను చేతులెత్తేశాడంటే పిరికితనం అనేవాళ్లు ఒక్క వారం అక్కడ ఉండి చూడాలి. దానికితోడు అక్కడా పేర్లే ఉండి మనుషుల్లేని పటాలాలు, నెలల తరబడి రాని జీతాలు.

సైనికులు వెళ్లిన రోజున కాదు ప్రభుత్వాలు కూలేది, జీతమూ డీజిలూ ఆగిన రోజున. కాబట్టి సైన్యం వెళ్లాలి, తేదీ చెప్పాలి, డబ్బు మాత్రం తేదీతో ఆగకూడదు. కంబోడియా ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే. వియత్నాం ఆ పదేళ్లూ కూర్చుని కాలం గడపలేదు. అక్కడి సైన్యాన్ని, ఊళ్లలో పాలనను నిలబెట్టింది. అందుకే 1989లో వెళ్లిపోయాక ఖ్మేర్ రూజ్ మళ్లీ నాంపెన్ ఎక్కలేకపోయింది. 1993 ఎన్నికలు ఐక్యరాజ్యసమితి పెట్టింది, మన పటాలం కూడా అక్కడ పనిచేసింది.

ఎల్ఎల్‌బీ మూడో ఏడు

డబ్బు ఆపకూడదు అంటున్నారు. బయటి దేశం డబ్బుతో బతికే ప్రభుత్వాన్ని స్వతంత్ర ప్రభుత్వం అనొచ్చా? సైన్యం వెళ్లింది, పెత్తనం ఉండిపోయింది. 2014లో అదే కదా. ఐసిస్ రాగానే బాగ్దాదే మళ్లీ అమెరికాను పిలిచింది.

తార్నాక

పిలిచింది కదా. 2003లో ఎవరూ పిలవలేదు. 2017 జూలైలో మోసుల్ తిరిగి పట్టుకున్నప్పుడు వీధుల్లో దిగి పోరాడింది ఇరాకీలు, పైనుంచి విమానాలు అమెరికావి. ఊరు నేలమట్టమైంది, అది వేరే ఏడుపు. కానీ వీధిలో నిలబడ్డవాడు ఆ దేశం వాడైతే గొడవ స్వరూపమే మారిపోతుంది. పెత్తనం విషయంలో నువ్వన్నది కాదనను. తుపాకీ పెత్తనంకంటే చెక్కు పెత్తనం నయం అంటా, అంతవరకే.

టోలీచౌకి

చెక్కు ఎవరి చేతికి వెళ్తుంది అన్నదే మళ్లీ అసలు గొడవ భాయ్. మాలికీ చేతికే వెళ్లింది.

తిరుమలగిరి

తార్నాక గారూ, మీరు ప్రభుత్వం ఎలా నిలబడుతుందో చెప్పారు. బాగుంది. నేనడిగింది మనుషుల గురించి. దుబాసీలు, వంటవాళ్లు, దారి చూపినవాళ్లు, మా మాట మీద యూనిఫాం వేసుకున్న పిల్లలు. 1962లో ఫ్రాన్స్ అల్జీరియా నుంచి వెళ్లిపోతూ తన తరఫున పోరాడిన హర్కీల ఆయుధాలు తీసేసుకుని, చాలామందిని అక్కడే వదిలేసింది. వేల మందిని చంపేశారు. 1975లో సైగాన్‌లో అంతే. 2021లో కాబూల్ విమానాశ్రయం గోడ దగ్గర మురికి కాలవలో నిలబడి కాగితాలు ఎత్తి చూపిస్తున్నవాళ్లను మీరూ చూశారు. అమెరికా సైన్యానికి పనిచేసిన అఫ్గాన్లకు ఇచ్చే వీసా పథకం 2009 నుంచీ ఉంది! పన్నెండేళ్లలో పూర్తి చేయలేనిది పదిహేను రోజుల్లో చేయబోయారు.

తేదీ చెప్పి, డబ్బు ఆపకుండా, నమ్ముకున్నవాళ్లను ముందే బయటికి తెచ్చి లేదా అక్కడే కాపాడి వెళ్లిన సైన్యం ఒక్కటి చూపించండి. మూడూ చేసింది ఒక్కటి.

తార్నాక

సోవియట్ యూనియన్ మొదటి రెండూ చేసింది. మూడోది చేయలేదు. నజీబుల్లా నాలుగేళ్లు కాబూల్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసులో తలదాచుకుని, 1996 సెప్టెంబర్లో తాలిబన్లకు దొరికిపోయాడు. మూడూ చేసింది నాకు తెలిసి లేదు సార్. లేదు కాబట్టి వెళ్లకూడదు అంటే మాత్రం ఒప్పుకోను. మూడోది మొదట చేయమంటా. తేదీ ప్రకటించే కాగితంలోనే, తేదీకంటే పైన, ఎంతమందికి వీసాలు ఎప్పటిలోగా అని రాయాలి. పార్లమెంటు ముందు పెట్టాలి.

తిరుమలగిరి

ఆ పని మొదలుపెట్టిన రోజే వీళ్లు పోతున్నారని ఊరంతా తెలిసిపోతుంది, అక్కడి సైన్యం గుండె జారిపోతుంది అని మా పెద్ద ఆఫీసర్లు చెప్పేవాళ్లు. 2021లో కాబూల్ ప్రభుత్వం కూడా వాషింగ్టన్‌కు ఇదే చెప్పింది, సామూహికంగా జనాన్ని తరలించొద్దని. దానికి మీ జవాబేమిటి?

మెట్టుగూడ

నేనూ అదే అడగబోతున్నా.

తార్నాక

ఊరికి ఎలాగూ తెలుస్తుందన్నదే నా జవాబు. బాగ్రామ్‌లో లైట్లు ఆరిపోయాక తెలియడంకంటే ఏడాది ముందు తెలియడం నయం. గుండె జారేవాడు ఏడాది ముందు జారితే అతని స్థానంలో ఇంకొకణ్ణి పెట్టుకునే టైమైనా ఉంటుంది. మీరు దీనికి ఒప్పుకోరని తెలుసు, జాఫ్నా సందుల్లో నడిచింది మీరు, నేను కాదు. కానీ ఆ తమిళ పిల్లలకు 1989లోనే, "మేం మార్చికి వెళ్లిపోతున్నాం, యూనిఫాం విప్పి మాతో రావాలనుకున్నవాళ్లు ఇప్పుడే చెప్పండి" అని అడిగి ఉంటే ఎంతమంది చేయి ఎత్తేవాళ్లు?

తిరుమలగిరి

మా పోస్టులో ఉన్నవాళ్లయితే అందరూ. ఓడలో చోటు కూడా ఉండింది.